చర్మం మీద టైటిల్ కార్డు

మా ఊరి పేరు యాడికి. తాడిపత్రి బస్టాండులో బస్సెక్కితే కొత్త కండక్టరు "యాడికప్పా?" అని అడుగుతాడు. "యాడికికే" అంటాం. "అదే అడుగుతాండా, యాడికి?" అని గసురుకుంటాడు. "అదే చెప్తాండాం" అంటాం మేము. బస్సంతా నవ్వుతుంది. ఈ జోకు మాకు తాతల నాటిది. కండక్టర్లే మారుతుంటారు.

గుత్తికీ తాడిపత్రికీ నడుమ ఉంది మా ఊరు. వాన కోసం ఆకాశం వైపు, కొత్త సినిమా కోసం తాడిపత్రి వైపు చూసే ఊరు. నమ్ముకున్నది వేరుశనగ. కాళ్ళ కింద ఉన్నది సున్నపురాయి. చూడదగ్గవి కోన ఉప్పలపాడు గుహలు. వీటితో పాటు చూడదగ్గది ఇంకొకటి ఉంది. మా కుర్రాళ్ళ చేతులు! చొక్కా చెయ్యి కాస్త పైకి మడిస్తే చాలు, కింద ఒక హీరో పేరు కనబడుతుంది. తిరునాళ్ళలో పొడిపించుకున్న పచ్చబొట్టు. కొందరికి పేరు ఒక్కటే. కొందరికి పేరు, పుట్టినరోజు, సూపర్ హిట్ సినిమా... సెన్సారు సర్టిఫికెట్టు ఒక్కటే తక్కువ!

ఈ వారం మన శీర్షికకు ఆ చేతులే విషయం. ఎందుకంటే పోయిన నెల ఒక తమ్ముడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "అన్నా, నువ్వు సినిమా పత్రికలకు రాస్తావు గదా. మేకప్పోళ్ళు నీకు తెలిసుంటారు. పచ్చబొట్టు చెరిపే మందు ఏమన్నా ఉంటే చెప్పన్నా" అన్నాడు.

కుడి చేతి దండ మీద పెద్ద పెద్ద అక్షరాలతో హీరో పేరు. ఏ హీరో అని అడక్కండి. చెబితే మిగతా ఫ్యాన్స్ నవ్వుతారు. చెప్పకపోతే ప్రతి ఒక్కరూ "మా వాడే" అనుకుంటారు. అనుకోండి, నష్టం లేదు.

సంగతేమిటంటే ఆ తమ్ముడు సైన్యంలో చేరాలని రెండేళ్ళు తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తాడు. పదహారు వందల మీటర్ల పరుగులో నెగ్గాడు. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది. మెడికల్‌లో చొక్కా విప్పమన్నారు. విప్పాడు. హీరో కనబడ్డాడు. అంతే!

"మా నాయిన నాలుగేండ్లు చెనక్కాయ వేసి పోగొట్టుకున్యాడు. నేను మూడు అక్షరాలు వేసుకుని పోగొట్టుకున్యా" అన్నాడు. నవ్వుదామని అన్న మాటే గాని ఇద్దరికీ నవ్వు రాలేదు.

★ ★ ★

రూలు ఏమంటుందంటే...

ఇది ఏ అధికారికో సినిమా అంటే గిట్టక పెట్టిన రూలు కాదు. సైన్యం నియామకాల్లో చాలా ఏళ్ళుగా ఉన్నదే. మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు గాని, అరచేతి వెనక వైపు గాని పచ్చబొట్టు ఉంటే ఒప్పుకుంటారు. ఇంకెక్కడ ఉన్నా కుదరదు. గిరిజనులకు మాత్రం వాళ్ళ ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉంది. కేంద్ర పోలీసు బలగాల్లో ఇంకో మెలిక. ముంజేతి మీద ఉంటే అది ఎడమ చెయ్యే అయి ఉండాలి. ఎందుకో తెలుసా? సెల్యూట్ కొట్టేది కుడి చెయ్యి! బొమ్మ సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతుకు లోపే ఉండాలి.

మన తమ్ముడిది కుడి చెయ్యి, పైగా భుజం దగ్గర. అంటే రెండు తలుపులూ మూసుకుపోయాయన్నమాట. వర్షం లేని నేలలో ఇంటికొక కుర్రాడు యూనిఫాం వైపే చూస్తాడు. అలాంటి చోట ఈ రూలు తెలియకపోవడం చిన్న విషయం కాదు.

ఒక్క మాట అడుగుతాను. చేతి మీద నాలుగు చుక్కల సిరా ఉంటే తుపాకి పట్టడానికి అడ్డమా? అడ్డం కాదు. మరి లోకానికి పచ్చబొట్టు మీద ఈ అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చింది? దానికి పెద్ద కథే ఉంది. ఇంటర్వెల్ ముందు భాగం జపానులో జరుగుతుంది. రండి, పోదాం.

★ ★ ★

జపాను స్నానశాల

జపానులో వేడినీటి ఊటల దగ్గర స్నానశాలలుంటాయి. అందరూ కలిసి ఒకే తొట్టిలో దిగుతారు. చాలా చోట్ల తలుపు దగ్గరే బోర్డు: "పచ్చబొట్లు ఉన్నవాళ్ళకు ప్రవేశం లేదు." 2015లో అక్కడి పర్యాటక శాఖ స్నానశాలల వాళ్ళను అడిగి చూసింది. నూటికి 56 మంది "మేం రానివ్వం" అన్నారు. 2013లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక మావోరీ పెద్దావిడను వెనక్కి పంపారు. ఆమె ముఖం మీద ఉన్నది వాళ్ళ వంశాచారపు పచ్చబొట్టు. పాపం, ఆవిడ వచ్చింది ఆదివాసి భాషల గురించి జరిగే సభకు! 2019లో రగ్బీ ప్రపంచ కప్పు జపానులో జరిగినప్పుడు "ఈత కొలను దగ్గరికి వెళితే మీ పచ్చబొట్లు కప్పుకోండి నాయనా" అని ఆటగాళ్ళకు ముందే చెప్పాల్సి వచ్చింది. 2012లో ఒసాకా మేయరు తన మునిసిపల్ ఉద్యోగులందరినీ "మీ ఒంటి మీద పచ్చబొట్టు ఉందా లేదా" అని కాగితం మీద రాసిమ్మన్నాడు.

ఇంత భయం ఎందుకు? ఒక్క మాటలో చెప్పాలంటే యాకూజా. అంటే అక్కడి గూండా ముఠాలు. మెడ కింది నుంచి తొడల దాకా వీపంతా డ్రాగన్లు, పువ్వులు పొడిపించుకోవడం వాళ్ళ ఆచారం. "గూండాలు రాకూడదు" అని బోర్డు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? అందుకని "పచ్చబొట్లు రాకూడదు" అని పెట్టారు. లౌక్యం చూశారా!

ఈ బొమ్మను జనం మనసులో ముద్ర వేసింది మాత్రం... ఇంకెవరు, మనవాళ్ళే, సినిమావాళ్ళు. 1960లలో తోయే అనే పెద్ద స్టూడియో యాకూజా చిత్రాలను వరసపెట్టి తీసింది. కెన్ తకకూరా అనే హీరో క్లైమాక్సులో పై బట్ట జార్చి, వీపు మీది పచ్చబొట్టుతో కత్తి పట్టి ఒంటరిగా బయల్దేరితే హాలు దద్దరిల్లేది. 1968లో జుంకో ఫుజి అనే నటి భుజం మీద ఎర్రటి పువ్వు పచ్చబొట్టుతో జూదరి వేషం వేస్తే ఆ కథకు వరుసగా ఎనిమిది చిత్రాలొచ్చాయి. ఇందులో కిటుకు ఏమిటంటే ఆ పచ్చబొట్లన్నీ మేకప్పే. గంటల తరబడి కూర్చోబెట్టి రంగులతో గీసేవారు. ప్యాకప్ చెప్పగానే నటుడు కడుక్కుని ఇంటికి పోతాడు. చూసి వేయించుకున్నవాడు కడుక్కోలేడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

అక్కడి టీవీలో ఇంకో మంచి పాత్ర ఉంది. తోయామా కిన్-సాన్ అనే న్యాయాధికారి. నిజంగా 1840లలో ఎడో నగరంలో పనిచేసిన మనిషి పేరు మీద జనం అల్లుకున్న కథ. ఆయన మారువేషంలో నేరం కళ్ళారా చూస్తాడు. తరవాత కోర్టులో ముద్దాయిలు "మాకేం తెలీదు దొరా" అంటారు. అప్పుడాయన భుజం మీది బట్ట తొలగిస్తాడు. కింద చెర్రీ పూల పచ్చబొట్టు! "దీన్ని మరిచిపోయార్రా?" అన్నట్టు చూస్తాడు. మన హీరో ఇంటర్వెల్లో చొక్కా గుండీ విప్పి అసలు పేరు చెప్పినట్టే కదూ? జనాల రుచి ఎక్కడైనా ఒకటే.

★ ★ ★

నుదుటి మీద తీర్పు

అయితే గూండాలకు ముందు ఆ దేశంలో పచ్చబొట్టును చెడగొట్టింది ప్రభుత్వమే. 1720లో షోగన్ ప్రభుత్వం దొంగతనానికి శిక్షగా పచ్చబొట్టు పెట్టింది. చేతి మీద గీతలు, కొన్ని చోట్ల నుదుటి మీద గుర్తు. ఒకసారి దొంగిలించిన వాడు జీవితమంతా దొంగగానే కనబడాలన్నమాట. అలాంటివాళ్ళు ఆ గీతల మీద పెద్ద బొమ్మ పొడిపించుకుని దాచుకునేవాళ్ళు. 1870లో ఆ శిక్ష తీసేశారు. మరో రెండేళ్ళకు, 1872లో, పచ్చబొట్టునే మొత్తం నిషేధించారు. తెల్లదొరల కంటికి అనాగరికంగా కనిపిస్తామని భయం. ఒకినావా దీవుల్లో ఆడవాళ్ళు చేతి వేళ్ళ మీద, అరచేతి వెనక పొడిపించుకునే పచ్చబొట్లను 1899లో నిషేధించారు. ఆ నిషేధం 1948 దాకా నడిచింది.

ఇందులో కామెడీ ట్రాకు కూడా ఉంది. ఏ దొరలకు వెరచి నిషేధం పెట్టారో, ఆ దొరలే జపాను వచ్చి పచ్చబొట్లు పొడిపించుకుని పోయారు! 1881లో ఓడ దిగిన ఒక ఇంగ్లీషు రాజకుమారుడు చేతి మీద డ్రాగన్ వేయించుకున్నాడు. ఆయనే తరవాత ఐదో జార్జి చక్రవర్తి. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారులో మన రాజులు, నవాబులు వంగి వంగి సలాములు చేసింది ఆ డ్రాగన్ చేతికే.

"పరాయి దేశం గొడవ మనకెందుకు" అంటారా? కాస్త ఆగండి. నుదుటి మీద తీర్పు రాసిన ప్రభుత్వం మనకూ ఉండింది. ఈస్టిండియా కంపెనీ 1797లో బెంగాల్లో రూలు చేసింది. యావజ్జీవ శిక్ష పడిన వాడి నుదుటి మీద పేరు, నేరం, తీర్పు తేదీ పచ్చబొట్టుగా పొడవాలి. కొద్ది ఏళ్ళకే అది మద్రాసు వైపూ వచ్చింది. మన సీమను నిజాం కంపెనీకి అప్పగించింది 1800లో. అంటే ఏలే దొరలతో పాటే ఈ సూది కూడా మన వైపు వచ్చిందన్నమాట. ఆ ఖైదీలు జుట్టు ముందుకు పెంచుకునో, తలగుడ్డ కిందికి దించి చుట్టుకునో నుదురు దాచుకునేవాళ్ళు. 1849లో గాని ఆ శిక్ష పోలేదు.

ఇప్పుడు మీకో సినిమా జ్ఞాపకం రావాలి. 1975లో వచ్చిన దీవార్. చిన్న పిల్లవాణ్ణి పట్టుకుని చేతి మీద "మా నాన్న దొంగ" అని పచ్చబొట్టు పొడుస్తారు. వాడు పెరిగి అమితాబ్ అవుతాడు. కోట్లు సంపాదిస్తాడు, మేడలు కొంటాడు, ఆ మాట మాత్రం చేతి మీదే ఉంటుంది. ఆ కథే 1976లో రామారావు గారితో మగాడు అయింది, 1981లో తమిళంలో రజనీకాంత్‌తో తీ అయింది. మూడు భాషల్లోనూ జనం ఆ చెయ్యి చూసి కదిలిపోయారంటే ఊరికే కాదు. ఒకడి ఒంటి మీద ఇంకొకడు రాసే రాత ఎంత అన్యాయమో మన జనానికి కడుపులో తెలుసు.

★ ★ ★

సూది పట్టిన చేతులు

మన పల్లెల్లో పచ్చబొట్టు అలా పుట్టింది కాదు. అది అలంకారం. మొక్కు. మందు కూడా. కీళ్ళు పట్టేస్తే నొప్పి ఉన్న చోట చుక్కలు పొడిపించుకునేవాళ్ళు. సూది పట్టింది ఎక్కువగా ఎరుకల ఆడవాళ్ళు. బుట్టలల్లేదీ వాళ్ళే, ఎరుక చెప్పేదీ వాళ్ళే, పచ్చ పొడిచేదీ వాళ్ళే. పసుపు, అవిసాకు కలిపి నూరి, గుడ్డలో చుట్టి వత్తి చేసి, ఆముదం పోసి దీపం వెలిగిస్తారు. పైన కొత్త కుండ బోర్లిస్తారు. కుండకు పట్టిన మసి గీకి, నీళ్ళతోనో చనుబాలతోనో కలిపితే అదే సిరా. చర్మంలోకి దిగాక పచ్చగా తేలుతుంది కాబట్టి పచ్చబొట్టు. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణాది కులాల గురించి వేసిన ఏడు సంపుటాలు తిరగేస్తే వాళ్ళ సంగతులు కనబడతాయి.

మరి ఆ కళాకారులకు మనం ఇచ్చిన బహుమానం ఏమిటి? ఇందాక 1911 ఢిల్లీ దర్బారు అన్నాను చూడండి, ఆ సంవత్సరమే నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని కులాలకు కులాలనే పోలీసు రిజిస్టరులో రాసే చట్టం అది. ఎరుకల వాళ్ళనూ అందులో చేర్చారు. 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లు పెట్టి వాళ్ళను అక్కడ ఉంచారు. అంటే పచ్చబొట్టు వేయించుకున్న చక్రవర్తి సింహాసనం మీద, పచ్చబొట్టు వేసే ఆడమనిషి పోలీసు హాజరు పట్టీలో! ఆ చట్టం 1952లో రద్దయింది. పేరు మాత్రం పోయిందా? 1991లో స్టూవర్టుపురం పేరుతో రెండు సినిమాలొచ్చాయి. 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. అన్నిట్లోనూ ఆ ఊరంటే దొంగలే. ఆ ఊళ్ళో పుట్టి బడిలో మేష్టరైన వాడి కథ ఎవరన్నా తీస్తారేమోనని నేనైతే చూస్తున్నాను.

★ ★ ★

అవ్వ మాట

ఈ వ్యాసం కోసం మా వీధిలో ఒక అవ్వను అడిగాను. ఎనభై దాటాయి. రెండు ముంజేతుల మీదా తేళ్ళు, ముగ్గు, తులసికోట, గడ్డం మీద ఒక చుక్క.

"ఎప్పుడు పొడిపిచ్చుకుంటివవ్వా?"

"నాకు పదేండ్లు గూడ లేవు నాయినా. ఒకరు కాళ్ళు పట్టుకునిరి, ఒకరు తల పట్టుకునిరి. ఆయమ్మ పాట పాడుకుంటా పొడిచె. పాట పాడితే నొప్పి తెలీదంట. ఏం తెలీదు? పాటా తెల్సె, నొప్పీ తెల్సె!"

"ఆయమ్మకు ఏమిచ్చినారు?"

"రెండు సేర్లు కొర్రలు, పాత రైక. అయినా సూడు, కరువులో కడియాలు అమ్మితిమి. కమ్మలు కుదువ పెడితిమి. ఈ తేలును మాత్రం ఏ శెట్టీ కుదువ పెట్టుకోల్యా. సచ్చినా నా యెంటే వస్తాది."

పచ్చబొట్టు ఒక్కటే చచ్చాక వెంట వచ్చే నగ అని మన పెద్దవాళ్ళ నమ్మకం. కరువు సీమలో ఆ నమ్మకానికి ఎంత విలువో అవ్వ చేతులు చూస్తే తెలిసింది.

ఆవిడ కూతురికి మాత్రం ఒంటి మీద ఒక్క చుక్క లేదు. అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుందట. తోటి పిల్లలు "పచ్చబొట్టు ఉండేది పల్లెటూరోళ్ళకే" అని ఎగతాళి చేస్తారని వేయించుకోలేదు. పెళ్ళిచూపుల్లో "మీ అమ్మ చేతులు కొంగుతో కప్పుకోమను" అని ఎవరో సలహా కూడా ఇచ్చారట. జపాను వాడు తెల్లవాడికి భయపడ్డట్టు మనం టౌనుకు భయపడ్డామన్నమాట!

ఇక మనవరాలు. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం. మణికట్టు మీద ఈకా, అందులోంచి ఎగిరే పిట్టలు. ఏసీ గదిలో, వేలు పోసి. అమ్మ తిట్టింది. అవ్వ మాత్రం ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసిందట. నాతో ఆవిడ అన్న మాట ఇది: "ఆ పాపకు ఎవురూ కాళ్ళు పట్టుకోల్యంట నాయినా. ఆ పాపే పోయి కూసునిందంట."

ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇంతకు మించిన మాట నాకు దొరకలేదు. పచ్చబొట్టు మంచిదా చెడ్డదా అనేది కాదు ప్రశ్న. ఎవరి ఇష్టం మీద పడిందనేదే ప్రశ్న. కంపెనీ దొర పొడిస్తే అది శిక్ష. కాళ్ళు పట్టుకుని పొడిస్తే అది ఆచారం. తనే వెళ్ళి కూర్చుంటే అది తన సొంత మాట. లోకం చేసే పొరపాటు ఏమిటంటే మూడింటినీ ఒకే కళ్ళద్దాలతో చూడటం.

★ ★ ★

తెర మీద పచ్చబొట్టు

మన సినిమా కూడా ఈ మూడు రకాలూ చూపించింది. 1971లో పవిత్రబంధంలో పచ్చబొట్టు మీద నాగేశ్వరరావు గారి యుగళగీతం ఉంది. అక్కడది ప్రేమ గుర్తు. గజినిలో సూర్య ఒళ్ళంతా పచ్చబొట్లే. అక్కడది మతిమరుపు మనిషి డైరీ. 2015లో బాహుబలిలో శివుడు అవంతిక చేతి మీద ఆమెకు తెలియకుండా రంగులు దిద్దుతాడు. హాల్లో ఈలలు పడ్డాయి. "అడక్కుండా ఆడపిల్ల ఒంటి మీద గీయడమేమిటి?" అని పత్రికల్లో గట్టి చర్చ కూడా నడిచింది. నన్నడిగితే ఈల వేసినవాళ్ళు కూడా ఆ చర్చ చదవాలి. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ కథ ఎక్కడ మొదలైందో చూడండి. గోండు పిల్ల మల్లి దొరసాని చేతి మీద చక్కగా బొమ్మ గీస్తుంది. దొరసానికి బొమ్మ నచ్చింది. నచ్చిన బొమ్మతో పాటు పిల్లనే పట్టుకుపోయింది. కళ కావాలి, కళాకారిణి మాత్రం మనిషిగా కనబడదు. పై భాగంలో ఎరుకల వాళ్ళ సంగతి చదివారు కదా, పోల్చుకోండి.

తారల సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. సమంత తన తొలి తెలుగు చిత్రం ఏమాయ చేసావె గుర్తుగా పచ్చబొట్టు వేయించుకుంది. 2022లో ఒక అభిమాని పచ్చబొట్టుకు ఐడియా చెప్పమంటే, అసలు ఎప్పుడూ వేయించుకోవద్దనే తన సలహా అని చెప్పింది. అంత పెద్ద తారకే మనసు మారింది. ఆమెకు మేకప్ మ్యాన్ ఉన్నాడు, లేజరు ఖర్చు లెక్క కాదు. మన తమ్ముడికి?

మా ఊళ్ళోనే ఒక మేధావి ఉన్నాడు. కాలేజీ రోజుల్లో చేతి మీద "రాణి" అని పొడిపించుకున్నాడు. పెళ్ళి వేరే చోట కుదిరింది. ముహూర్తానికి ముందు ఉరుకులు పరుగుల మీద వెళ్ళి దాని ముందు "ఝాన్సీ" చేర్పించుకున్నాడు! ఇంటికొచ్చిన ఇల్లాలికి దేశభక్తి అని చెప్పాడట. ఆవిడ నమ్మింది. నమ్మినట్టు ఉంది. ప్రతి ఆగస్టు పదిహేనుకూ నవ్వుతుందట.

★ ★ ★

సూది ముందు కూర్చునే తమ్ముడికి, చెల్లెలికి

వద్దని చెప్పడానికి నేనెవర్ని? నాలుగు సంగతులు మాత్రం చెవిన వేస్తాను.

మొదటిది ఉద్యోగం. సైన్యం, పోలీసు, కేంద్ర బలగాలు, వీటిలో దేని మీద ఆశ ఉన్నా ముందు నోటిఫికేషను తెప్పించుకుని పచ్చబొట్టు పేరా చదవండి. చదివాకే సూది.

రెండోది సూది. తిరునాళ్ళలో బ్యాటరీ మిషను పెట్టుకుని కూర్చునే అతను ఎంత మందికి ఒకే సూది వాడాడో చూడండి. ఒకే సూది, ఒకే సిరా మూత వాడితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి, ఎయిడ్స్ క్రిమి కూడా చేతులు మారతాయి. కొత్త సూది కవరు మీ కళ్ళ ముందు చించాలి. చించకపోతే లేచి వచ్చేయండి. సిగ్గేమీ లేదు. జపానులోనైతే డాక్టరు లైసెన్సు లేకుండా పచ్చబొట్టు వేశాడని ఒక కళాకారుడి మీద 2015లో కేసే పెట్టారు. కింది కోర్టు జరిమానా వేసింది. అతను వదల్లేదు. 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, ఇది వైద్యం కాదు, కళ అని గెలిచాడు. కళే గాని శుభ్రం మాత్రం ఆస్పత్రిలో ఉన్నట్టే ఉండాలి.

మూడోది ఫ్యాన్స్ ప్రత్యేకంగా వినాలి. చిరంజీవి 1998లో రక్తనిధి పెట్టినప్పటి నుంచి హీరో పుట్టినరోజంటే రక్తదానం అనే మంచి అలవాటు మనకొచ్చింది. పచ్చబొట్టు వేయించుకుంటే ఏడాది పాటు రక్తం ఇవ్వకూడదు. పుట్టినరోజుకు వారం ముందు హీరో పేరు పొడిపించుకుని, పుట్టినరోజున రక్తదానం క్యూలో నిలబడితే డాక్టరు ఇంటికి పంపిస్తాడు. చేతి మీది పేరా, సీసాలోని రక్తమా? మీ హీరోనే అడిగితే ఏది కోరుకుంటాడో నేను చెప్పక్కర్లేదు.

నాలుగోది చెరపడం. మా తమ్ముడు అడిగిన మందు ఏ మేకప్ గదిలోనూ లేదు. ఆకు పసర్లు, ఆసిడ్లు పూసి చర్మం కాల్చుకోకండి. సాధారణంగా లేజరే దారి. చర్మవైద్యుడి దగ్గర చాలా సిట్టింగులు పడుతుంది, నెలల తరబడి. అయినా ఒక్కోసారి నీడలా మిగిలిపోతుంది. ఈ సంగతే అతనికి చెప్పి కర్నూలులో ఒక డాక్టరు దగ్గరికి పంపాను. వయసు ఇంకా ఒక ఏడాది మిగిలి ఉంది. హీరోను మాత్రం తిట్టలేదు సుమా! "ఆయప్ప ఏం చేసినాడన్నా పాపం, ఆయనకు నా పేరే తెలీదు" అన్నాడు.

చివరిగా ఒక మనవి. సీమ పల్లెల్లో పచ్చ పొడిచే ఎరుకల ఆడవాళ్ళు ఇప్పుడు కనబడటం తగ్గిపోయింది. వాళ్ళ చేతిలో పుట్టిన తేళ్ళు, ముగ్గులు, తులసికోటలు ఇంకా మన అవ్వల చేతుల మీద ఉన్నాయి. అవ్వలతో పాటే అవీ పోతాయి. ఈ ఆదివారం మ్యాట్నీకి పోయే ముందు ఒక అరగంట మీ అవ్వ పక్కన కూర్చోండి. ఆవిడ చేతి మీది బొమ్మ కాగితం మీద గీయండి. ఎప్పుడు పొడిచారు, ఎవరు పొడిచారు, ఏమిచ్చారు అడిగి కింద రాయండి. పత్రిక చిరునామాకు పంపితే బాగున్నవి ఈ శీర్షికలోనే వేస్తాం. అవ్వ ఒప్పుకుంటేనే పంపండి. ఆవిణ్ణి ఈసారైనా అడిగి చేద్దాం.